రాకాసికి కొడవలెందుకు

బొగ్గుపెళ్ళ కింద నా ఎడమ చేతి రెండు వేళ్ళు నలిగిపోయాక, వాటిని తీసేసి నెలన్నర దవాఖానలో ఉంచి పంపించారు. బొగ్గు నింపే పనికి ఇక పనికిరానని డాక్టరు రాసిచ్చాడు. దాంతో నన్ను సర్వే గ్యాంగులో లైట్ జాబుకు వేశారు. ఏడో తరగతి చదివినవాణ్ణి గనుక కొలతలు రాసుకోవడం, గొలుసు లాగడం, చెప్పినచోట గుర్తుకు కొయ్య గూటం కొట్టడం నా పని. అప్పటికి నాకు ముప్ఫై నిండలేదు. గోదావరిఖనిలో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న క్వార్టరు మాది. కిందికి దిగే పని తప్పిందని నా భార్య సంబరపడింది. నాకు మాత్రం సిగ్గుగా ఉండేది. నాతో పని చేసినవాళ్ళు షిఫ్టు దిగి నల్లటి ముఖాలతో ఎదురొస్తుంటే నేను ఉతికిన చొక్కాతో తప్పుకుని వెళ్ళేవాణ్ణి.

ఆ ఏడు కొత్త రోప్‌వే పని మొదలైంది. భూమి కింద బొగ్గు తీసేసిన చోట ఖాళీ మిగులుతుంది. అలాగే వదిలేస్తే పైకప్పు కూలుతుంది. అందుకని గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి ఆ ఖాళీలో నింపుతారు. ఏటి నుంచి గని దాకా ఇనుప టవర్లు నిలబెట్టి, వాటి మీదుగా సాగే తీగలకు బకెట్లు తగిలించి ఇసుక పంపడమే రోప్‌వే. ఏ టవరు ఎక్కడ లేవాలో గుర్తులు పెడుతూ మేము ఏటి ఒడ్డు నుంచి చేలల్లో పడి నడిచాం. దారి తిన్నగా సాగాలి. చెట్టు అడ్డమొస్తే చెట్టు కొట్టాలి, గుడిసె అడ్డమొస్తే గుడిసె లేవాలి.

మేము ముగ్గురం. దుర్భిణిలో చూసి లెక్కలు కట్టే సర్వేయర్ సార్, జెండా కర్రలు మోసే ముసలి ఖలాసీ, నేను. సార్ మా దిక్కువాడు కాదు. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు. మంచివాడే, కానీ పైవాళ్ళంటే భయం. ఖలాసీని అందరం చాచా అనేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి. నిజాం కాలం నుంచి కొలతల పనిలో ఉన్నాడు.

వారం రోజుల నడక తర్వాత ఒక జొన్నచేను దాటి మొరం నేల ఎక్కాం. అక్కడ రాళ్ళు గుండ్రంగా నిలబడి ఉన్నాయి. ఒక్కోటి నా ఛాతీ ఎత్తు. కొన్ని పక్కకు వాలాయి కానీ వరస చెడలేదు. ముప్ఫై నాలుగు లెక్కపెట్టాను. నడిమధ్య చిన్న రాళ్ళ కుప్ప, దాని మీద ఏటవాలుగా ఒక పెద్ద బండ. గొలుసు పరిచి చూస్తే ఈ అంచు నుంచి ఆ అంచుకు తొంభై అడుగులు. అలాంటి రాయి ఆ చుట్టుపక్కల నేలలో లేదు. ఎక్కడి నుంచో దొర్లించుకొచ్చినవే. బొగ్గు టబ్బులు తోసినవాణ్ణి, బరువు చూస్తే ఎంతమంది పట్టాలో చెప్పగలను. ఒక్కో రాయికి ఇరవై మంది కావాలి. ఆ ఇరవై మందికి అన్నం వండేవాళ్ళు వేరే. ఊరికే ఎవరూ అంత కష్టం చెయ్యరు.

ఆ వైపు ఊళ్ళవాళ్ళు వాటిని రాకాసి గూళ్ళంటారు. రాక్షసులు కట్టుకున్న ఇళ్ళని, లోపల కాలు పెడితే నెత్తురు కక్కుకుంటారని మా అమ్మ కూడా చెప్పేది. చాచా బయటే చెప్పులు విడిచి, పెదాలు కదుపుతూ దువా చదువుకుని లోపలికి వచ్చాడు. సార్ దుర్భిణిలో చూసి, పుస్తకంలో లెక్క వేసి, చెయ్యి చాపి చూపించాడు. టవరు పడే చోటు సరిగ్గా ఆ నడిమధ్య కుప్ప పక్కనే.

చాచా సమ్మెట నా చేతిలో పెట్టాడు.

"నువ్వే కొట్టు బేటా. నాకు ఇది కబరస్తాన్ లెక్క కొడుతున్నది. గోరీ ఎవరిదైనా గోరీయే."

నేను గూటం నిలబెట్టాను. సమ్మెట ఎత్తేలోపు జొన్నచేనులోంచి ఒక ఆడమనిషి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా మట్టి. ఏమీ అడగకుండా వచ్చి, గూటం పక్కన కూర్చుంది.

"ఏం కడుతరు గీడ?" అంది.

"రోప్‌వే టవరు. ఇసుక బకెట్లు పోతాయి. లేవమ్మా, పని ఉంది" అన్నాడు సార్.

"మీ కాయితంల గీ జాగను ఏమని రాసిన్రు?"

సార్ నవ్వి, కాగితం తీసి చదివాడు. "బంజరు. రాళ్ళ దిబ్బ."

"బొందలగడ్డ అని రాయి."

బొందలగడ్డ అంటే మా వైపు పీనుగలను పూడ్చే చోటు.

"ఎవరి బొందలగడ్డ?"

"మాది."

"మీ ఇంట్లో ఎవరిని పూడ్చారు ఇక్కడ? పేర్లు చెప్పు, రాస్తాను."

ఆమె ఒక వేలు మడిచింది.

"మా తాత పేరు చెప్తా. ఆయన తాత పేరు చెప్తా. ఆ పైన తెల్వదు. నీకు తెల్సా సారు, మీ తాత తాతకు తాత ఎవలో? తెల్వకపోతే ఆయన లేనట్టేనా?"

సార్ పుస్తకం మూశాడు. అది ఆఫీసులో మాట్లాడుకోవాల్సిన విషయమని, తన పని గుర్తులు పెట్టడమేనని అన్నాడు. ఆమె లేచి కొంగు దులుపుకుంది. "నేను బెల్లంపల్లిల పదకొండేండ్లు బొగ్గుల రాయి ఏరిన. ఆడోళ్ళు వద్దని తీసేస్తే వచ్చి ఎవుసం చేసుకుంటున్న. కాయితంల లేనిది కంపెనీకి కండ్ల ముంగటున్నా కనవడదు. నాకు ఎరికే" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "కొట్టు కొడుకా. నీ డ్యూటీ నువ్వు చెయ్యి. నా డ్యూటీ నేను చేస్త."

నేను కొట్టాను.

మర్నాడు వచ్చేసరికి గూటం అక్కడ లేదు. రాళ్ళ వరస బయట, ఒక రాయికి ఆనించి నిలబెట్టి ఉంది. మళ్ళీ కొలిచి మళ్ళీ కొట్టాం. మూడో రోజూ అంతే. నాలుగో రోజు సార్ కోపంతో చేను గట్టుమీదికి వెళ్ళి కేకేశాడు. ఆమె కలుపు తీస్తున్నదల్లా తలెత్తి, "దొంగతనం చెయ్యలే సారు. మీ గూటం మీకే పెట్టిన. సూస్కోండ్రి, చెక్కు చెదరలే" అంది. చాచా జెండా కర్ర చాటున నవ్వు దాచుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా ఊరి వాగు ఒడ్డున క్వార్టర్లు కట్టడానికి నేల చదును చేశారు. మా నాయనను పూడ్చింది ఆ ఒడ్డునే. పని మొదలయ్యే ముందు ఒక కర్ర పాతి దానికి కాగితం అతికించారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు పదిహేను రోజుల్లో వచ్చి చెప్పుకోవాలని అందులో ఉంది. మా వాడలో చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చదివాను. చదివి ఇంటికి వెళ్ళాను. అప్పటికే గనిలో పనికి నా పేరు రాసుకుని ఉన్నారు. నోరు తెరిస్తే పేరు కొట్టేస్తారనుకున్నాను. కాగితంలో ఏముందని పెద్దవాళ్ళు అడిగితే, గవర్నమెంటు సంగతులేవో ఉన్నాయన్నాను. ఆ ఏడు, చనిపోయిన పెద్దలకు అన్నం పెట్టే పెత్తరమాసకు, మా అమ్మ అన్నం గిన్నె పట్టుకుని కొత్త గోడల మధ్య సందులో నిలబడి, "ఏడ పెట్టాలెరా?" అని అడిగింది. ఏదో ఒక చోటు చూపించాను. నాకూ తెలియదు. ఆమె నమ్మి అక్కడే పెట్టింది. చనిపోయేదాకా ప్రతి ఏడూ అక్కడే పెట్టింది.

ఆ సంగతి నాలుగో రోజు సాయంత్రం నా భార్యకు మొదటిసారి చెప్పాను. ఆమె పిల్ల తల దువ్వి జడ వేసింది. తర్వాత, "ఐతారం నన్నుగూడ తీస్కపో. ఆ రాళ్ళు చూస్త" అంది.

శనివారం పని ముగిశాక మా ఇంటి బట్టలారేసే తాడును కంపెనీ గొలుసు పక్కన పరిచి, పది అడుగులకొక ముడి వేసుకున్నాను. చాచా చూశాడు కానీ ఎందుకని అడగలేదు. ఆదివారం పిల్లలను పక్కింట్లో వదిలి సైకిలు మీద బయల్దేరాం. నా భార్య వెనక కూర్చుని తాడు చుట్టను ఒళ్ళో పెట్టుకుంది.

జొన్నచేనులో ఉన్న ఆ మనిషి మమ్మల్ని చూసి పని వదిలి వచ్చింది. నా భార్య మొదట వలయం బయటే ఆగిపోయింది. ఆడవాళ్ళు లోపలికి పోవచ్చా అని అడిగింది.

"ఎందుకు పోవద్దు? నేను గీండ్లనే సద్ది తింట. ఎండకు రాయి నీడ సల్లగుంటది" అందామె.

ముగ్గురం లోపలికి నడిచాం. ఒక్కో రాయి దగ్గర ఆగి ఆమె చేత్తో తడుతూ వెళ్ళింది, పశువుల వీపు తట్టినట్టు. నడిమధ్య బండ దగ్గర కూర్చుని దాని కథ చెప్పింది. చాలా ఏళ్ళ కిందట ఆమె పెనిమిటి బావి గట్టు కట్టడానికి రాయి కావాలని ఆ బండను గడ్డపారతో లేపాడట. కింద నాలుగు పక్కలా పలకలు నిలబెట్టిన గుంత ఉంది. అందులో ఎముకలు, లోపల నల్లగా బయట ఎర్రగా ఉన్న కుండలు, తుప్పు పట్టిన ఒక కొడవలి.

"కొడవలి చేతుల పట్టుకొని చూసిన. పిడి కుళ్ళిపోయింది గని వంపు గట్లనే ఉన్నది. మా కమ్మరి ఇప్పుడు చేసిచ్చేది గదే వంపు. రాకాసికి కొడవలెందుకు బిడ్డా? ఆడు మనిషిని తింటడు గదా. జొన్న కోసుకొని తిన్నోళ్ళు ఈళ్ళు. మన తీర్గ."

"మళ్ళ ఏం చేసినవు?" అని అడిగింది నా భార్య.

"ఉన్నకాడ పెట్టించిన. బండ మూయించిన. నాలుగేండ్లకు మా ఇంటాయన సచ్చిండు. ఊరంత రాకాసులు పట్టుకున్నయన్నరు. సలిజరం వచ్చింది. వానకాలం, వాగు పొంగింది, దవాఖానకు తీస్కపోను బండి కదల్లే. గందుకు సచ్చిండు. ఆ నిందను గీళ్ళ మీద ఎయ్యనియ్యలే నేను."

ఊరంతటితో ఎన్నేళ్ళు పోట్లాడి ఉంటుందో అనిపించింది.

నేను తాడు తీశాను. నా భార్య మా గూటం పడ్డ చోట ఒక కొస పట్టుకుని కూర్చుంది. రెండో కొసతో నేను గని వైపు నడిచాను. రోప్‌వే దారి వంకర పోకూడదు, నిజమే. కానీ టవరు ఆ దారి మీదే ముందుకో వెనక్కో జరగవచ్చు. ఇంత కాలం గొలుసు లాగిన నాకు అది తెలుసు, సార్‌కు ఇంకా బాగా తెలుసు. ఎనభై అడుగుల దగ్గర ఆగాను. రాళ్ళ వరస దాటి ముప్ఫై అయిదు అడుగులు. కాలితో తన్నితే గట్టి నేల. ఒక రాయి పెట్టి గుర్తు చేసుకున్నాను. మర్నాడు సార్‌కు మెల్లగా చెప్పి ఒప్పించాలనుకున్నాను.

మెల్లగా చెప్పే అవకాశం రాలేదు. సోమవారం మేము వెళ్ళేసరికి గుత్తేదారు లారీ అక్కడుంది. టవరు పునాదికి కంకర కావాలి కదా, ఆ రాళ్ళనే కొట్టుకోవచ్చని ఎవరో చెప్పారట. నలుగురు మనుషులు పొద్దున్నే వచ్చి పడమటి వైపు మూడు రాళ్ళు పగలగొట్టేశారు. లోపలి రంగు బయటపడి, ఆ ముక్కలు పచ్చిపుండులా ఉన్నాయి. ఆమె నాలుగో రాయిని కౌగిలించుకున్నట్టు కూర్చుంది. సమ్మెట పట్టుకున్నవాడు ఏం చెయ్యాలో తెలియక మేస్త్రీ వైపు చూస్తున్నాడు.

"గా సమ్మెట నా మీదికెల్లి పోవాలె" అంటోంది ఆమె.

మేస్త్రీ సార్‌ను చూడగానే దగ్గరకొచ్చాడు. "గూటం ఎక్కడో చూపియ్యండ్రి సార్. గుంత తవ్వుడు మొదలు పెడతం. ఈమె సంగతి మెల్లగ చూస్కుంటం."

గూటం ఎప్పటిలాగే బయట ఆనించి ఉంది. సార్ నా వైపు చూశాడు. "పోయి కొట్టు."

నేను కదల్లేదు.

"చెబుతుంటే వినబడటం లేదా?"

"వినవడ్డది సార్. కొట్ట."

సార్ ముఖం ఎర్రబడింది. నీ లైట్ జాబు పోతుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. చాచాను కొట్టమన్నాడు. చాచా సమ్మెట తీసుకుని, నెమ్మదిగా నేల మీద పెట్టి, దాని మీద కూర్చుని బీడీ వెలిగించాడు. "నడుం నొప్పి సాబ్. ఇయ్యాల వంగరాదు" అన్నాడు.

సార్ లారీ ఎక్కి ఇంజనీరును తీసుకురావడానికి వెళ్ళాడు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ సమ్మెటలు ఆగాయి. ఆమె చేనులోకి వెళ్ళి కుండతో నీళ్ళు తెచ్చి అందరికీ పోసింది, రాళ్ళు కొట్టినవాళ్ళకు కూడా. పోస్తూ, "మీ అయ్య బొంద మీద గిట్ల కొడితే ఊకుంటవారా?" అని ఒక్కొక్కణ్ణీ అడిగింది. ఒకడు నీళ్ళు తాగకుండానే గ్లాసు దించేశాడు.

జీపులో వచ్చిన ఇంజనీరు పెద్ద వయసువాడు. దిగుతూనే, ఎవడు వాడు అన్నాడు. ముందుకొచ్చాను. చెప్పదలచుకున్నది చెప్పాను. ఇది బొందలగడ్డ అన్నాను. ఇక్కడ గూటం నేను కొట్టను, కానీ గని వైపు ఎనభై అడుగుల దూరంలో కొట్టమంటే ఇప్పుడే కొడతానన్నాను.

"ఎనభై అని ఎవడు చెప్పాడు నీకు?"

"నేనే కొలిచిన సార్, నిన్న. అవతలి కొస నా భార్య పట్టింది."

ఆయన సార్ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. సార్ పుస్తకం తీసి లెక్క వేశాడు. పైవాడు ఎదురుగా ఉన్నా లెక్క తప్పు వెయ్యలేదు, ఆ మాట ఆయన గురించి చెప్పాలి. జరపవచ్చు, తీగ కొంచెం ఎక్కువ వేలాడుతుంది, అంతే అన్నాడు. ఇంజనీరు విరిగిన మూడు రాళ్ళను, ఆమెను, గడియారాన్ని చూశాడు. రాళ్ళ మీద గౌరవంతో ఒప్పుకున్నాడని నేననను. వాదనకు టైం లేక ఒప్పుకున్నాడు. "జరపండి" అని జీపు వైపు నడిచాడు.

ఆమె వదల్లేదు. జీపుకు అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"జరిపితే సాలదు సారు. రాయాలె. రేపు ఇంకొకడొస్తడు. బంజరని సదువుతడు. మళ్ళ కొడతడు."

ఇంజనీరు విసుగ్గా సార్‌కు సైగ చేశాడు. సార్ జీపు ముందుభాగం మీద ప్లాను పరిచి, ఎర్ర సిరాతో చుక్కల వలయం గీసి, పక్కన 'పాత సమాధులు' అని రాశాడు. నన్ను చదివి వినిపించమంది ఆమె. చదివాను. ఇంకోసారి చదవమంది. సార్ కూడా వింటుండగా మళ్ళీ చదివాను. అప్పుడే జీపుకు దారి ఇచ్చింది. చాచా లేచి, నడుం నొప్పి సంగతి మరిచిపోయి, కొత్త చోట తనే గూటం కొట్టాడు.

వారానికి నాకు చార్జిషీటు వచ్చింది. పై అధికారి ఆజ్ఞ ధిక్కరించానని. ఆఫీసులో గుమాస్తా నా మీద జాలిపడి, "తప్పైంది, మాఫ్ చెయ్యిండ్రి అని రాయి. గంతే, అయిపోతది" అన్నాడు. కాగితం తీసుకుని, కొట్టమన్న చోట గూటం కొట్టకపోవడం నిజమేనని, మళ్ళీ చెప్పినా కొట్టనని రాశాను. గుమాస్తా చదివి, చింపేస్తా, ఇంకోటి రాయమన్నాడు. చింపితే ఇదే మళ్ళీ రాస్తానన్నాను. సర్వే గ్యాంగు నుంచి తీసేసి మందమర్రికి పంపారు, దీపాలు ఇచ్చి తీసుకునే లాంప్ రూముకు. పిల్లల బడి చెడగొట్టలేక ఇల్లు ఇక్కడే ఉంచాం. మూడేళ్ళు నేను అక్కడ, వాళ్ళు ఇక్కడ. కష్టమైంది. నా భార్యకు ఇంకా కష్టమైంది. కానీ ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె, ఎందుకు చేసినవు అనలేదు. తన తమ్ముడు ఆ మాట అంటే, "తాడు పట్టింది నేను. నన్ను అడుగు" అందట.

మొదటి సెలవుకు వచ్చినప్పుడు సైకిలేసుకుని అక్కడికి వెళ్ళాను. రోప్‌వే నడుస్తోంది. ముప్ఫై ఒక్క రాళ్ళ మీదుగా బకెట్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. తడి ఇసుక నీళ్ళు రాళ్ళ మీద బొట్లు బొట్లుగా కారుతున్నాయి. టవరు కాళ్ళు వలయానికి బయట ఉన్నాయి. ఆమె చేనులో ఎవరినో తిడుతున్న గొంతు వినిపించింది. ఒక బకెట్ తీగ మీద నుంచి జారి, కంకి మీదున్న జొన్నలో ఇసుకంతా కుమ్మరించిందట. బకెట్ తీసుకుపోవడానికి వచ్చిన లైన్‌మన్‌ను ఆమె పోనివ్వడం లేదు.

"బకెట్ మీదే, ఇసుక గూడ మీదే. రెండూ తీస్కపోండ్రి" అంటోంది. తీగ కింద వల కట్టేదాకా ప్రతి గురువారం ఆఫీసు ముందు కూర్చుంటానంది. కూర్చుంది కూడా, తర్వాత రెండో ఏడు వల కట్టారు.

నన్ను చూసి పలకరించలేదు. క్షేమం అడగలేదు. గట్టు మీదున్న తట్ట చూపించి, "వచ్చినవా? ఒక చెయ్యి పట్టు" అంది. లైన్‌మన్ అప్పటికే నెత్తిన ఒక తట్టతో టవరు వైపు నడుస్తున్నాడు. నేను చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, మూడు వేళ్ళ చేత్తో తట్ట అంచు పట్టుకుని, ఇసుక నింపడం మొదలుపెట్టాను.